బెల్టు ఎందుకు విప్పితిరి?

పుట్టి రెండు మూడు మాసములైనను నిండని పసికందును ఒడిలో నుంచుకొని నా యెదుట కూర్చుండు తల్లిదండ్రులు, బిడ్డ యెడమ తుంటికీలు తన స్థానమున నిలువకున్నదని నేను చెప్పగా విని, మొదట నిశ్చేష్టులై, పిమ్మట కన్నులు తుడుచుకొని, తుదకు గుండె దిటవు చేసికొని, తప్పక అడుగు ప్రశ్న యొకటి కలదు: “అయితే ఏం ఎక్సర్‌సైజులు చేయించాలండీ?” ఈ వయసున ఎక్సర్‌సైజుల పని లేదనియు, మెత్తని పట్టీలతో కూర్చిన బెల్టొకటి తొడిగి, నేను చెప్పువరకు దానిని విప్పకుండుటయే చికిత్స యనియు చెప్పుదును. ఆ మాట వారికి రుచింపదు. వైద్యమనగా ఎవరో యొకరు చేతులతో ఏదో యొకటి చేయవలెను గదా! నూనె రాయవలెను, లాగవలెను, వంచవలెను, బిడ్డ కెవ్వుమని యేడ్వవలెను, చేసిన వారికి చెమట పట్టవలెను. అప్పుడు గాని ఇచ్చిన రుసుమునకు తగిన పని జరిగినట్లు తోచదు. మొగమోటమున తల యూపి, బెల్టు తొడిగించుకొని, నమస్కరించి పోవుదురు. వారిలో కొందరు ఇల్లు చేరిన దినముననే దానిని విప్పి అలమరలో పెట్టుదురు. విప్పితిమని నాతో చెప్పరు; చెప్పునది ఆ బెల్టే.

బెల్టును చదువుట యొక విద్య. రెండు వారముల పాటు రేయింబవళ్ళు బిడ్డ యొంటిమీద నున్న బెల్టు పాలచారలతోను, చెమట మరకలతోను, పాదముల కడ నలిగిన ముడుతలతోను మాసి, కొంత కంపు కూడ కొట్టుచు నా బల్లమీదికి వచ్చును. దానిని చూడగనే నా మనసు కుదుటపడును. పరీక్ష చేయకముందే సగము ఫలితము తెలిసినట్లే. మరియొక జాతి బెల్టు కలదు. అది పాలవలె తెల్లగా, మడత నలగక, అమ్మిన దుకాణమువాడిచ్చిన కవరుతో సహా వచ్చును. “ఎప్పుడూ ఒంటిమీదే ఉంటుందండీ. బస్సులో ఉక్కగా ఉందని ఇప్పుడే తీశాం” అని తండ్రి చెప్పును. తల్లి నేలవంక చూచును. అమ్మమ్మ గారో నాయనమ్మ గారో కిటికీలోనుండి వీధిని అత్యంత శ్రద్ధతో పరికించుచుందురు. “బెల్టు ఎందుకు విప్పారమ్మా?” అని అడిగి అడిగి నా గొంతు అరిగినది గాని, ఆ ప్రశ్నకు రెండవసారి వినని సమాధానము నాకింతవరకు దొరకలేదు. బారసాలకు పట్టులంగా పట్టలేదని విప్పినవారు, ఫొటోలో బాగుండదని విప్పినవారు, చుట్టములు అడుగుదురని విప్పినవారు, బిడ్డ యేడ్చెనని విప్పినవారు, బిడ్డ యేడ్వలేదు గనుక నయమైనదని విప్పినవారు; అందరును నాకు చిరపరిచితులే.

వారిని పూర్తిగ నిందించుటకు నాకు మనసొప్పదు. ఈ వ్యాధి స్వభావమే వంచనాత్మకము. దీనికి జ్వరము లేదు, వాపు లేదు, నొప్పి లేదు. బిడ్డ పాలు త్రాగును, నవ్వును, కాళ్ళాడించును, బరువు పెరుగును. తొడలమీది ముడుతలు రెండు వైపుల సమముగ లేకపోవుట, కాళ్ళు ఎడము చేసినప్పుడు ఒక కాలు రెండవదానివలె విచ్చుకొనకుండుట, మోకాళ్ళు మడిచి పడుకోబెట్టినప్పుడు ఒక మోకాలు క్రిందుగ కనబడుట: ఇంతకు మించి పైకి తెలియు గుర్తులు లేవు, ఇవియు వెదకు వారికి గాని కనబడవు. రోగము కనబడదు, బెల్టు కనబడును. కనబడు దానిమీదనే కోపము గలుగుట లోకసహజము. కన్నతల్లి బంధింపబడిన కాళ్ళను చూచి కుములుచుండగా, పదునైదేండ్ల పిమ్మట కుంటు కూతురు ఆమె కన్నులకు ఎట్లు కట్టును?

కావున కొంత శరీరశాస్త్రము చెప్పక తప్పదు. కటి యెముకకు ఇరువైపుల రెండు గుంటలు కలవు. తొడయెముక పైకొన గుండ్రని తలగా ముగియును. ఆ తల ఈ గుంటలో ఇమిడి తిరుగుచుండుటచేతనే మనము నడచుట, కూర్చుండుట, బాసికపట్లు వేయుట. నవజాతశిశువున ఈ రెండును అధికభాగము ఎముకగా మారని మెత్తని మృదులాస్థియే. గుంటకు రావలసిన లోతు పుట్టుకతో సంపూర్ణముగ రాదు. తల అందు కూర్చుండి కదలాడుటచేతనే క్రమముగ వచ్చును. రుబ్బురోటితో కాపురము చేసిన వారికి ఈ సంగతి విప్పి చెప్పనక్కరలేదు. పొత్రము తిరిగిన కొలది రోలు నునుపెక్కి, తన పొత్రమునకు తగిన గుంటను తానే సమకూర్చుకొనును. పొత్రము నవతల బెట్టి రోటిని ఎంత తోమినను, ఎంత నూనె రాచినను ఆ గుంట యేర్పడదు. తల గుంట వెలుపల నున్నంతకాలము చేసిన మర్దనమంతయు ఈ రెండవ విధమైన శ్రమయే. అంతటితో పోదు, నెలలు గడచిన కొలది గుంట లోపల కొవ్వు పేరుకొని పూడును, కండరములు కురుచపడును, తల పైకి జారి అచ్చటనే యొక దొంగగుంటను తొలుచుకొనును. ఆరు మాసములలోపల పట్టీలతో పోవునది, ఏడాదికి మత్తుమందును ప్లాస్టరును, రెండేండ్లకు కత్తిని కోరును. అప్పటికిని ఉపేక్షించినచో, నడివయసు రాకమున్నే కీలు అరిగి, మెట్టు మెట్టునకు మూల్గవలసివచ్చును.

ఇది యెవరికి వచ్చును? ఎదురుకాళ్ళతో పుట్టిన బిడ్డలకు, ఆడుబిడ్డలకు, తొలిచూలు బిడ్డలకు, గర్భమున ఉమ్మనీరు తక్కువగ నున్నవారికి, తల్లికో తోబుట్టువులకో ఈ వ్యాధి యున్నవారికి ఎక్కువగ వచ్చును. కుడితుంటికన్న ఎడమతుంటికి హెచ్చు. తల్లి చేసిన పాపముచేత గాని, గ్రహణము చూచుటచేత గాని, కాన్పు చేసిన నర్సు కాలు లాగుటచేత గాని రాదు. ఈ వాక్యమును నేను ప్రతి తల్లితోను, ఆమె అత్తగారు వినునట్లు బిగ్గరగ చెప్పుదును.

మర్దనకు ఇంత ప్రతిష్ఠ యెట్లు వచ్చినదని విచారింపగా, దానికి మూలము ప్రకృతి యొక్క ఔదార్యమే యని తెలియును. బార్లో అను ఆంగ్లవైద్యుడు 1962లో ప్రకటించిన పరిశీలనలో, పుట్టిన 60 మంది శిశువులలో ఒకరికి తుంటికీలు వదులుగ నున్నదనియు, వారిలో సగముకన్న ఎక్కువమందికి మొదటి వారములోనే, నూటికి 88 మందికి రెండు మాసములలోపల తనంతట తానే బిగిసినదనియు వ్రాసెను. ఇంక మర్దన చేయు మన ముసలమ్మకు లోటేమి? పదిమంది వదులుకీళ్ళ పసివారికి ఆమె నూనె రాచి నీళ్ళుపోయగా, ఎనిమిది తొమ్మిది మందికి రెండు నెలలలో కీలు కుదురుకొనును. ప్రకృతి చేసిన పనికి కూలి ఆమెకు ముట్టును, కీర్తి ఊరంతయు ప్రాకును. మిగిలిన యొక్కరి తల్లి సిగ్గుచేత ఊరివారితో చెప్పుకొనక నా యొద్దకు వచ్చును. “అయితే మాకూ దానంతట అదే తగ్గుతుందేమో ఆగుదామండీ” అని చదువుకొన్నవారు వాదింతురు. కేవలము వదులుగ నున్నదానిని స్కానింగు చేయుచు కొన్ని వారములు కనిపెట్టియుండుట మేమును చేయుదుము. కాని యిదివరకే గుంట దాటి బయటపడిన కీలును వేచి చూచుట, కాలువగట్టు తెగినదని విని తెల్లవారనిండని పడుకొనుటయే.

స్నానమును నేను ద్వేషించుచున్నానని కొందరు మామ్మగార్లకు నామీద కోపము. చరిత్ర చూడగా ఈ వ్యాధిని పట్టుకొను విద్యకు స్నానమే పుట్టినిల్లు. ఇటలీ దేశమున ఫెరారా నగరమునందలి ఓర్టోలానీ అను శిశువైద్యుని యొద్దకు ఒక తల్లి వచ్చి, బిడ్డకు ఒళ్ళు కడుగునప్పుడు తుంటికడ టక్కుమని యేదో కదలుచున్నదని చెప్పినదట. మరియొకడైనచో, “ఏమీ లేదు పొమ్మా” అని పంపియుండును. ఆయన ఆమె మాట నాలకించి, తొలగిన కీలు లోనికి దిగునప్పుడు కలుగు ఆ కదలికను తన వ్రేళ్ళతో పట్టుకొని, 1937లో లోకమునకు వెల్లడించెను. నేటికిని ప్రపంచమున పుట్టిన శిశువును పరీక్షించు వైద్యుని చేయి ఆ వ్రేళ్ళ బాటనే నడచును. పరీక్షకు అర నిమిషము చాలును. వెచ్చని చేతులు, ఏడ్వని బిడ్డ, తొందరపడని వైద్యుడు కావలెను. మూడవది దొరకుటయే కష్టము.

ఇక బలప్రయోగపు కథ. చేతిబలముతో కీలును కుదిర్చి ప్రఖ్యాతి గాంచిన మహామహులు లేకపోలేదు. వియన్నా నగరపు అడాల్ఫ్ లోరెంజ్ రక్తము చిందని శస్త్రచికిత్సకు పేరొందినవాడు. 1902లో చికాగోలోని ఆర్మర్ అను కోటీశ్వరుడు తన కూతురి తుంటికై ఆయనను సముద్రము దాటించి రప్పించుకొనెను. మత్తునిచ్చి, కీలును బలముగ లోనికి నెట్టి, కాళ్ళను మిక్కిలి ఎడముగ పెట్టి ప్లాస్టరు వేయుట ఆ కాలపు పద్ధతి. కీలు గుంటలో కూర్చుండును. కాని అంత బిగువున తొడయెముక తలకు నెత్తురు చేర్చు సన్నని నాళములు నలిగి, తలయే చచ్చి చితికిపోయిన పిల్లలు అనేకులు. దీనిని చూచి కలత చెందిన చెకోస్లొవేకియా వైద్యుడు ఆర్నోల్డ్ పావ్లిక్, 1940వ దశకమున, బలముతో నెట్టుట మాని, భుజములమీదనుండి తోలుపట్టీలు వ్రేలాడదీసి, బిడ్డ పాదములను రికాబులలో నుంచినట్లు వానిలో నుంచి, మోకాళ్ళు మడిచి కాళ్ళు కొంచెము ఎడముగ నుండునట్లు చేసి, ఆ పరిధిలో బిడ్డ తన యిచ్చవచ్చినట్లు తన్నుకొనుటకు విడిచిపెట్టెను. బిడ్డ తన్నుకొన్నది, తన్నుకొన్న కొలది బిగిసిన కండరములు వదలినవి, కీలు తనకు తానుగ గుంటలోనికి దిగినది. మీరు కోరు ఎక్సర్‌సైజు ఇదియే నాయనా! దినమునకు వేయిమార్లు, జీతములేక, విసుగులేక, తప్పులేక మీ బిడ్డయే చేయుచున్నది. పట్టీలు ఆ వ్యాయామమునకు హద్దులు గీయుచున్నవి. పెద్దలు చేయవలసినదెల్ల హద్దు చెరపకుండుటయే.

ఈ హద్దు చెరపుటచేత ఏమగునో చెప్పుటకు గోదావరి తీరపు కుటుంబ మొకటి నా జ్ఞాపకమునుండి తొలగదు. ఎదురుకాళ్ళతో పుట్టిన ఆడుబిడ్డ. నెల దాటగనే తెచ్చిరి. ఎడమ తుంటి తొలగియుండినది; వయసు అనుకూలము; బెల్టు తొడిగి పంపితిని. రెండు వారములకు రమ్మంటిని; వచ్చిరి. బెల్టు మాత్రము కవరుతో వచ్చినది. ఎందుకు విప్పితిరని అడుగగా తల్లి పెదవి విప్పలేదు. మామ్మగారు ముందునకు వచ్చి, “ఆడపిల్లండీ బాబూ. కప్పలాగా కాళ్ళు ఎడం చేసి కట్టేస్తే రేపు దొడ్డికాళ్ళు రావూ? మా ఇంట్లో పిల్లలందరికీ నేనే నీళ్ళుపోశాను, కాళ్ళు సాగదీశాను. ఒక్కత్తెకి వంకరొచ్చిందా?” అనిరి. నూనె రాచి, చాచిన తన కాళ్ళమీద బిడ్డను పరుండబెట్టి, రెండు కాళ్ళను జతచేర్చి నిలువుగ సాగదీసి, స్నానానంతరము ఆ సాగిన కాళ్ళు మరల ముడుచుకొనకుండ పొత్తిగుడ్డతో చుట్టగట్టు ఆ ప్రేమ నిజమైన ప్రేమయే, సందేహము లేదు. కాని శిశువు ఆ వయసున మోకాళ్ళు ముడుచుకొనుట వంకర గాదు, ప్రకృతి. ఆ ముడుపును బలముగ విప్పుటయే కీలును గుంటనుండి వెలికి తోయుట. “మామ్మగారూ, మీరు సాగదీసిన కాళ్ళు చక్కగానే ఉన్నాయి. కీలే గూట్లో లేదు” అంటిని. ఆమె నవ్విరి, నేను హాస్యమాడితి ననుకొనిరి కాబోలు. మరల తొడిగి, స్కానింగు చిత్రము చూపి, గ్రుచ్చి గ్రుచ్చి చెప్పి పంపితిని.

ఆ పిమ్మట వారు రాలేదు. ఎవరో చెప్పగా పసరుకట్టు కట్టు నొక నాటువైద్యుని ఆశ్రయించిరి. అతడు వెదురుబద్దలు పెట్టి, కాలు నిలువుగ నుంచి, బిగియగట్టి, మూడు కట్లతో నయమగునని అభయమిచ్చెనట. విరిగిన యెముకకు బద్దకట్టులో కొంత న్యాయమున్నది. నిలువుగ నిలిపినచో అతుకునది అతుకును. తొలగిన తుంటిని నిలువుగ కట్టుట, రోగము ఏ భంగిమలో పెరుగునో ఆ భంగిమను సమకూర్చి యిచ్చుట. తొమ్మిదవ మాసమున మరల నా గుమ్మమెక్కిరి. బెల్టు పనిచేయు కాలము దాటినది. మత్తునిచ్చి కీలు సరిచేసి, నడుము మొదలు మడమ వరకు ప్లాస్టరు వేసి, నెలల తరబడి ఆ గుల్లలో బిడ్డ నుంచవలసివచ్చినది. మెత్తని పట్టీలు బరువని విప్పిన యింటివారు, ఎండకాలమున గట్టి ప్లాస్టరును మోసిరి. తిట్టవలెనని నోటివరకు వచ్చిన మాటలు, ప్లాస్టరు క్రింద చర్మము దురదకు బిడ్డ గిజగిజలాడుచుండగా మామ్మగారు తాటాకు విసనకఱ్ఱతో రాత్రియంతయు విసరుచు కూర్చుండిరని విని, నాలోనే అణగిపోయినవి.

విచిత్రమేమనగా, మన తల్లులకు ఈ వ్యాధికి విరుగుడు తెలియకయే తెలియును. మెడ నిలిచిన బిడ్డను చంకకెత్తి, నడుమున కిరువైపుల కాళ్ళు వేసి, పనిపాటలు చేసికొను అలవాటు తుంటికీలునకు పరమౌషధము; కాళ్ళు ఎడముగ, మోకాళ్ళు మడచి, తల గుంటలోనికి నొక్కుకొనునట్లు బిడ్డ కూర్చుండు తీరు పావ్లిక్ పట్టీల భంగిమయే. బిడ్డలను వీపున కట్టుకొను ఆఫ్రికా జాతులలో ఈ వ్యాధి అరుదు. కాళ్ళు చాచి పలకకు బిగించు ఆచారముండిన ఉత్తర అమెరికా ఆదివాసులలో హెచ్చు. జపాను దేశమున కాళ్ళు నిలువుగ నుంచి గుడ్డలు చుట్టు ఆచారము మానుడని 1975 ప్రాంతమున తల్లులకు బోధింపగా, అంతకుమున్ను నూటికొకరికి తక్కువగాక వచ్చుచుండిన యీ వ్యాధి, సుమారు వేయికిద్దరికి దిగినది. ఒక్క కత్తియు, ఒక్క మందును అక్కరలేకపోయినది. గుడ్డ చుట్టు తీరు మారినది. మనమో, మంచిదానిని విడిచి చెడ్డదానిని పట్టుకొంటిమి. “ఎత్తుకుంటే అలవాటైపోతుంది” అని చంక మాన్పించితిమి. కాళ్ళు క్రిందికి వ్రేలాడు సంచులు కొని రొమ్మున తగిలించుకొంటిమి. కాళ్ళు సాగదీయుటను మాత్రము పెద్దల ఆచారమని కాపాడుకొనుచున్నాము. చేతులు కడుపున నుంచి చుట్టవలెనన్న చుట్టుడు. నడుము క్రింద గుడ్డ వదులుగ నుండి, మోకాళ్ళు పైకి ముడుచుకొని ప్రక్కలకు వాలుటకు తావుండవలెను. ఇంతకన్న నేను కోరునది లేదు.

వ్యాయామములకు తావే లేదా? కలదు; అక్కడనే నా ఖేదము రెండవ అంకమున ప్రవేశించును. తొలిచూలు పిల్ల, రెండేండ్లది, మొదటిసారిగ నా యొద్దకు వచ్చినది. నడక ఆలస్యమైనను నడచినది. నడుచునప్పుడు నడుము అటునిటు ఊగును. “మా మనవరాలిది హంసనడకండీ, అందరూ ముచ్చటపడతారు” అని నాయనమ్మ గారు మురిసి చెప్పిరి. కావ్యములలో హంసగమనలు ఎందరుండిరో గాని, నా గదిలో ఆ నడక నడచిన పసిబిడ్డలకు తుంటి తొలగియుండుటయే నేనెరుగుదును. ఆ బిడ్డకు రెండువైపుల తొలగినది. అందుచేతనే ఒక కాలు కురుచ గాక, కుంటు తెలియక, వయ్యారముగ కనబడినది. కీలు తెరచి సరిచేసి, కటియెముకను కోసి త్రిప్పి గుంటకు పైకప్పు సమకూర్చు శస్త్రచికిత్స, కెనడా వైద్యుడు సాల్టర్ 1961లో ప్రకటించినది, ఒక్కొక్క వైపునకు చేయించితిమి. ప్లాస్టరు వేసితిమి. తీసితిమి.

ప్లాస్టరు తీసిన నాడు గదా ఫిజియోథెరపీకి సుముహూర్తము! కండరములు సన్నగిలును, కీళ్ళు బిగుసును, నడచిన పిల్ల నడక మరచును. ఎముక పెళుసై యుండును గావున బలముగ వంచినచో విరుగవచ్చును. ఆటలోనే పని జరుగవలెను. వెచ్చని నీళ్ళతొట్టిలో కాళ్ళాడింపవలెను. బోర్లబెట్టి, అందీ అందని దూరమున బొమ్మ నుంచి ప్రాకింపవలెను. పొట్టి పీటమీదనుండి లేచి నిలువజేయవలెను. మంచము పట్టె పట్టించి, బొమ్మను ప్రక్కకు జరుపుచు అడ్డముగ అడుగులు వేయింపవలెను. తుంటి ప్రక్కనుండు కండరములకు అంతకన్న మేలైన పని లేదు. ఫిజియోథెరపీ అమ్మాయి యింత ఓపికతో నేర్పగా, వారు రెండుమార్లు వచ్చి మానిరి. ఏమని అడిగితిమి. “ఆపరేషనే అయిపోయింది కదండీ, ఇంకా ఎక్సర్‌సైజులెందుకు? పిల్ల ఏడుస్తోంది” అనిరి. హరి హరీ! అక్కరలేనినాడు ఫోనులో వీడియోలు చూచి మూడు నెలల పసికందు కాళ్ళు సైకిలు త్రొక్కించువారును మనవారే. అక్కర కలిగిననాడు పిల్ల యేడ్చునని మానువారును మనవారే.

అయినను మానవజాతిమీద నాకు ఆశ పోకుండ కాపాడినది, ఈ కథలన్నింటిలో నేను దోషిగ నిలిపిన ఆ అమ్మమ్మల కులములోనిదే. విజయనగరము వైపునుండి కూలిపనులకు వలసవచ్చిన కుటుంబము. తల్లి యిటుకలు మోయును. బిడ్డ అమ్మమ్మ వశము. నేను బెల్టు తొడుగుచుండగా ఆ ముసలిది ప్రతి పట్టీని తాకి, “ఇదెందుకు బాబూ? ఇదెందుకు?” అని అడిగినది. చెప్పితిని. “ఇప్పితే ఏటవుద్ది?” అన్నది. చెప్పితిని. మరల రెండు వారములకు వచ్చినప్పుడు ఆ బెల్టు రంగు చెప్పుటకు భాష చాలదు. పట్టీల క్రింద చర్మము మాత్రము నిర్మలము. తడిగుడ్డతో మడత మడతను తుడిచి, మెత్తని పాతగుడ్డ పీలికలు పొదిగినది. “నీళ్ళు పొయ్యలేదని ఊరోలంతా తిట్టినారు. నేనుండగా ఎవురిప్పుతారు బాబూ?” అన్నది. ఎనిమిదవ వారమున స్కానింగులో తల గుంటలో కుదురుగ నుండెను. ఆ పిమ్మట కొన్నివారములు రాత్రులు మాత్రము తొడిగి మానితిమి. చదువు, ధనము, కారు, ఫోను గల యిండ్లలో ఓడిన బెల్టు, ఆ రేకుల గుడిసెలో గెలిచినది. నాటినుండి చీటీ తల్లి పేర వ్రాసినను, ఉపదేశము అమ్మమ్మకే చేయుచున్నాను. ఆమెకు “ఎందుకు” అన్నది తెలిసినచో, లోకమున అంతటి కావలివారు లేరు.

తొడిగిన వారికి కొన్ని మాటలు. పట్టీలు బిగించుట, వదులుచేయుట మీ పని కాదు. వారమునకో రెండు వారములకో మేము సరిచేయుదుము. గుడ్డ మార్చునప్పుడు చీలమండలు పట్టి యెత్తకుడు. పిరుదుల క్రింద చేయి యుంచి యెత్తుడు. వెల్లకిల పరుండబెట్టుడు, మెలకువగ నున్నప్పుడు మీ కన్నుల యెదుట బోర్లబెట్టి ఆడింపుడు. పాలిచ్చునప్పుడు కాళ్ళు మీ నడుమున కిరువైపుల నుండనిండు. మొదటి రెండు మూడు దినములు బిడ్డ పేచీపెట్టును. తరువాత తనకు బెల్టున్న సంగతియే మరచును, మీరే మరువరు. అకస్మాత్తుగ మోకాలు చాచుట, తన్నుట మానినచో ఆ దినముననే తీసికొనిరండు. పట్టీ మితిమీరి మడచుటచే నరము నలిగిన సూచన యది, సరిచేసినచో సాధారణముగ కోలుకొనును. మూడు నాలుగు వారములలో కీలు లోనికి దిగకున్నచో బెల్టును మేమే మాన్పింతుము. కుదరని కీలునకు పట్టీ కొనసాగించుటయు కీడే. విప్పుమనుటయు వైద్యుని పనియే యని చెప్పుటకే దీనిని వ్రాయుచున్నాను.

ఇంకను బిడ్డకు ఏ లోపమును కనుగొనబడని తల్లిదండ్రులకు నా విన్నపమొకటి. ఆరు వారముల టీకాకు ఎట్లును పోవుదురు, ఆ నాడు “తుంటి చూశారా డాక్టరుగారూ?” అని నోరు విప్పి అడుగుడు. ఎదురుకాళ్ళతో పుట్టిన బిడ్డకు, ఇంటిలో ఈ వ్యాధి యున్న బిడ్డకు, పరీక్షలో ఏమియు తెలియకున్నను ఆ వయసున తుంటి స్కానింగు చేయింపుడు; నాలుగు మాసములు నిండకమున్ను ఎక్స్‌రే తీసి బాగున్నదని సంతసింపకుడు, మృదులాస్థి అందు కనబడదు. 2013లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమమున ఉచితముగ పరీక్షింపవలసిన జన్మలోపముల పట్టికలో తుంటికీలు లోపము కూడ చేర్చబడియున్నది, పేదలమని వెనుకాడనక్కరలేదు. బెల్టు తొడిగిన పిమ్మట మర్దనమునకు మర్యాదగ సెలవిచ్చి, ముసలమ్మకు ఇవ్వవలసిన కూలి ఇచ్చి పంపుడు. విప్పుటకు చేయి చాపినవారు ఎంత పెద్దవారైనను ఆ చేయి పట్టుకొనుడు. మాసిన బెల్టుతో రండు. మిమ్ము నేనేమియు అనను.